వినీ విననట్టు పోవాలా, నిలదీయాలా?

2019 మే 30, లండన్. తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది. డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో ఇద్దరమ్మాయిలు పక్కపక్కన కూర్చున్నారు. అదే అంతస్తులో కొందరు టీనేజి కుర్రాళ్లు ఉన్నారు. వీళ్లిద్దరూ జంట అని వాళ్లకు అర్థమైంది. "ముద్దు పెట్టుకోండి, చూస్తాం" అని మొదలెట్టారు. వెకిలి సైగలు చేశారు, చిల్లర నాణేలు విసిరారు. గొడవ ముదరకుండా చూద్దామని ఒకమ్మాయి జోకులేసింది. రెండో అమ్మాయి ఒంట్లో బాగోలేనట్టు నటించింది. ఏదీ పని చేయలేదు. కాసేపటికి ఇద్దరి ముఖాలూ నెత్తురోడాయి. ఆ ముఖాలతో ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది, కుర్రాళ్లు అరెస్టయ్యారు.

ఇలాంటి వార్త బయటికి వచ్చిన ప్రతిసారీ సలహాలిచ్చేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. "అలాంటివాళ్లను పట్టించుకోకూడదు, మొరిగే కుక్క కరవదు" అంటుంది ఒక జట్టు. "మొదటి మాటకే గట్టిగా ఇచ్చి ఉంటే అంతదాకా వచ్చేది కాదు, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అంటుంది రెండో జట్టు. రెండూ తాతల నాటి సామెతలే. రెంటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్లు నిలిచాయి. కానీ ఆ బస్సులోని అమ్మాయిలు పూర్తిగా ఊరుకోలేదు, ఎదురూ తిరగలేదు. మధ్యేమార్గం పట్టారు. అయినా దెబ్బలు తప్పలేదు. కొట్టాలా వద్దా అన్న నిర్ణయం వాళ్ల చేతిలో లేదు, కొట్టినవాళ్ల చేతిలో ఉంది. ఈ మాట మొదటే చెప్పుకోకపోతే తర్వాత చెప్పేదంతా బాధితుల తప్పులు వెతికే పనిగా మారుతుంది.

మరైతే బాధితుల చేతిలో ఏముంది? కొంత ఉంది. పరిస్థితిని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. ఎంత ఉందో సరిగ్గా అంచనా వేసుకోవడమే అసలు చిక్కు.

ఊహలో పులి

ఈ చర్చలో అందరూ ఒక పొరపాటు చేస్తారు. "నేనైతేనా..." అని మొదలుపెడతారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని వెక్కిరించడం తేలికే గానీ, ఆ పిల్లితనం అందరిలోనూ ఉందని సైకాలజిస్టులు కొలిచి మరీ చూపించారు.

జూలీ వుడ్జికా, మారియాన్ లాఫ్రాన్స్ 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ బాగా పనికొస్తుంది. అది గేల మీద జరిగే వేధింపు గురించి కాదు, ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆడవాళ్లకు ఎదురయ్యే వేధింపు గురించి. ముందు కొందరు యువతులను ఊహించుకోమన్నారు: ఇంటర్వ్యూ చేస్తున్న మగవాడు "మీకు బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?", "ఆఫీసుకు బ్రా వేసుకురావడం ముఖ్యమంటారా?" లాంటివి అడిగితే ఏం చేస్తారు? కనీసం ఒక ప్రశ్నకైనా జవాబు చెప్పం అన్నవాళ్లు 68 శాతం. తర్వాత వేరే యువతులను నిజం ఇంటర్వ్యూ అని నమ్మించి కూర్చోబెట్టి అలాంటి ప్రశ్నలే అడిగారు. జవాబు చెప్పనన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఊహించుకున్నవాళ్లు కోపం వస్తుందనుకున్నారు. నిజంగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎక్కువగా వచ్చింది భయం.

అంతకు రెండేళ్ల ముందు జేనెట్ స్విమ్, లారీ హయర్స్ చేసిన ప్రయోగంలో పరిస్థితి ఇంతకంటే తేలికైనదే. ఉద్యోగం పోతుందన్న భయం లేదు, గ్రూప్ డిస్కషన్ మాత్రమే, అందులో ఒకతను ఆడవాళ్లను చులకన చేస్తూ మాట్లాడతాడు. అక్కడ కూడా ఏదో ఒక రకంగా బదులిచ్చినవాళ్లు సగానికి తక్కువే. అది తప్పని మొహం మీదే చెప్పినవాళ్లు ఇంకా కొద్దిమంది.

దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. వీధిలో బూతు విని నోరు పెగలకపోవడం పిరికితనం కాదు, శరీరం చేసే పని. గొంతు తడారిపోతుంది, చెవులు వేడెక్కుతాయి, కాళ్లు అడుగు వేగం వాటంతటవే పెంచుతాయి. కొందరైతే ఉన్నచోటే బిగుసుకుపోతారు. రాత్రి పక్క మీద వాలాక ఒక్కొక్కటే అద్భుతమైన డైలాగులు తడతాయి. "ఇది అని ఉండాల్సింది" అని మనసు పదిసార్లు అదే సీను తిప్పి చూపిస్తుంది. ఈ రెండో దెబ్బ మొదటిదాని కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఎదిరించనందుకు తనను తాను తిట్టుకునే మనిషి, వేధించినవాడు వదిలేసి వెళ్లిన పనిని ఇంటికి తెచ్చుకుని పూర్తి చేస్తున్నట్టే.

వాడు ఎవరికి వినిపిస్తున్నాడు?

ఎదిరించాలా వద్దా అని ఆలోచించే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ మాట ఎవరి కోసం అన్నాడు? పైకి చూస్తే అన్నది బాధితుణ్ణే. కానీ చాలాసార్లు అసలు ప్రేక్షకులు పక్కన నిలబడ్డ స్నేహితులు.

1990ల చివర్లో కరెన్ ఫ్రాంక్లిన్ అనే ఫోరెన్సిక్ సైకాలజిస్టు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో దాదాపు 500 మంది కాలేజీ విద్యార్థులను ఒక సూటి ప్రశ్న అడిగారు: గేలు అనుకున్నవాళ్లను మీరెప్పుడైనా తిట్టారా, బెదిరించారా, కొట్టారా? సుమారు పదిమందిలో ఒకరు బెదిరించామనో కొట్టామనో ఒప్పుకున్నారు. ఇంకో నాలుగో వంతు మంది పేర్లు పెట్టి తిట్టామన్నారు. వీళ్లు జైళ్లలో ఉన్న నేరస్తులు కారు, మామూలు విద్యార్థులు. ఎందుకు చేశారంటే వచ్చిన కారణాలను ఆమె నాలుగు రకాలుగా చూశారు. స్నేహితుల ముందు మగతనం నిరూపించుకోవడం. బోరు కొట్టి సరదా కోసం. వాళ్ల బతుకే తప్పన్న గట్టి నమ్మకం. "వాడు నన్ను అదోలా చూశాడు, నన్ను నేను కాపాడుకున్నా" అన్న సాకు.

ఇవన్నీ ఒకే బూతుగా బయటికి వస్తాయి, కానీ ఒకే మందుకు లొంగవు. సరదా కోసం అన్నవాడికి ఎదుటివాళ్ల కోపమే సరదా. మండిపడితే వాడి సాయంత్రం సార్థకమైనట్టే. నమ్మకంతో అన్నవాడు వాదనకు సిద్ధంగానే ఉంటాడు, ఫుట్‌పాత్ మీద వాడి మనసు మార్చడం ఎవరి తరమూ కాదు. "నన్ను చూశాడు" అనేవాడి విషయంలో చూపు కలపడమే ప్రమాదం. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది గుంపులో ఉన్నవాడి గురించి. వాడు ఒంటరిగా ఎదురైతే తల దించుకుని పోయే రకం కావచ్చు. నలుగురి మధ్య ఉన్నప్పుడు మాత్రం వెనక్కి తగ్గలేడు, తగ్గితే రేపు ఆ నలుగురూ వాడినే ఏడిపిస్తారు. గుంపు ముందు వాడి పరువు తీసే జవాబు ఎంత పదునుగా ఉంటే అంత ప్రమాదం. బాగా పేలిన పంచ్ డైలాగుకు వాడి దగ్గర మాటలతో జవాబు ఉండదు, చేతులతో ఉంటుంది.

పట్టించుకోకపోతే వాళ్లే ఊరుకుంటారు అన్న సలహా బలహీనత కూడా ఇక్కడే బయటపడుతుంది. ప్రవర్తనకు బహుమతి ఆగిపోతే ప్రవర్తన ఆగిపోతుందన్నది ఆ సలహా వెనకున్న లెక్క. లెక్క తప్పు కాదు. కానీ బహుమతి ఇస్తున్నది ఎవరు? వాడికి కావాల్సింది స్నేహితుల నవ్వు అయితే, బాధితుడి మౌనం దాన్ని ఆపలేదు. పైగా బహుమతి ఆగిన కొత్తలో ప్రవర్తన ఇంకాస్త పెరుగుతుందని కూడా ఆ సైకాలజీయే చెబుతుంది. మొదటి మాటకు ఎవరూ తిరిగి చూడకపోతే రెండోసారి గొంతు పెంచి అంటారు. అయితే మౌనానికి ఒక లాభం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. వాడికి తర్వాతి డైలాగు అందించదు. ఎదుటినుంచి మాట రాని నాటకాన్ని చాలాసేపు లాగడం కష్టం, ఈలోగా బాధితుడు మలుపు తిరిగిపోతాడు.

మాటల్లోనే ఇంకో మెలిక ఉంది. చాలా తిట్లు తిట్ల వేషంలో రావు. తెలుగులో "తేడా" అన్న మాటే చూడండి. రెండు లెక్కల మధ్య ఉండేదీ తేడాయే, ఒక మనిషిని చూసి పక్కవాడి భుజం తట్టి నవ్వుతూ అనేదీ తేడాయే. నిలదీస్తే "నేనేమన్నాను? నీ గురించి అన్నానా?" అంటాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని ఎదురు తిప్పుతాడు. అన్న మాట తిట్టేనని రుజువు చేసే బాధ్యత, నడిరోడ్డు మీద, విన్నవాడి నెత్తిన పడుతుంది. అంతేకాదు, నిలదీయడమంటే నలుగురి ముందు "అవును, నేను గే" అని ఒప్పుకోవడం కూడా అవుతుంది కొందరికి. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లకు అది బూతు కంటే పెద్ద టెన్షన్.

ఊరుకున్నందుకు పడే ఖర్చు

ఊరుకోవడం ఉచితం కాదు. పైకి ఏమీ జరగనట్టు ముఖం పెట్టినా లోపల శరీరం లెక్క రాసుకుంటుంది. భావాలను ముఖం మీద కనబడకుండా అణచిపెట్టినప్పుడు బాధ తగ్గదని, శరీరం మీద ఒత్తిడి మాత్రం పెరుగుతుందని జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ 1990ల్లో చేసిన ప్రయోగాలు చూపించాయి. అల్పసంఖ్యాకులుగా బతకడంలోనే ఒక ప్రత్యేకమైన ఒత్తిడి ఉందని 2003లో ఇలన్ మేయర్ వివరించారు. జరిగిన అవమానం దాంట్లో ఒక భాగం మాత్రమే. జరగబోయే అవమానం కోసం ఎప్పుడూ కాచుకుని ఉండటం, తనను తాను దాచుకోవడం, వినీ వినీ ఆ మాటలు తన గురించి నిజమేనేమో అని నమ్మడం మొదలవడం మిగతా భాగాలు.

ఆ కాచుకుని ఉండటం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలంటే చేతుల్ని గమనించాలి. ఇద్దరు మగవాళ్లు వేళ్లు కలుపుకుని నడుస్తుంటారు. ఎదురుగా నలుగురు కుర్రాళ్లు కనిపిస్తారు, ఇంకా యాభై అడుగుల దూరంలో. ఒకరు జేబులోంచి ఫోన్ తీస్తున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటారు. రెండో వ్యక్తి కూడా ఏమీ అనరు, బ్యాగు భుజం మార్చుకుంటారు. కుర్రాళ్లు వీళ్లను చూడను కూడా చూడకుండా దాటిపోతారు. చేతులు మాత్రం మళ్లీ కలవవు, కనీసం ఆ వీధి చివరిదాకా. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అయినా ఏదో జరిగింది. 2017లో బ్రిటన్ ప్రభుత్వం చేసిన సర్వేలో లక్షా ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్నారు. తమ జోడీ చెయ్యి పట్టుకుని బయట నడవడానికి జంకుతామన్నవాళ్లు వాళ్లలో మూడింట రెండు వంతులు.

నెదర్లాండ్స్‌లో 2017 ఏప్రిల్‌లో దీనికి ఒక చిత్రమైన జవాబు వచ్చింది. ఆర్నెమ్ నగరంలో చేతులు పట్టుకుని వెళ్తున్న ఒక మగ జంటను చితకబాదారు. ఆ వెంటనే అలెగ్జాండర్ పెక్టోల్డ్, వౌటర్ కూల్మీస్ అనే ఇద్దరు రాజకీయ నాయకులు ప్రభుత్వ ఏర్పాటు చర్చలకు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచొచ్చారు. వాళ్లను చూసి దేశమంతా మగవాళ్లు అదే పని చేశారు. చూడ్డానికి సింబాలిక్ వ్యవహారమే. కానీ పని చేసే పద్ధతి తెలివైనది: చేతులు పట్టుకున్న ప్రతి ఇద్దరు మగవాళ్లూ గేలు కానప్పుడు, ఎవర్ని ఏడిపించాలో తేల్చుకోవడం కష్టమవుతుంది.

ఒక్కసారి కనబడే ముఖం, రోజూ కనబడే ముఖం

ఎదిరించడమా, ఊరుకోవడమా అన్న ప్రశ్నకు అన్ని చోట్లా చెల్లే జవాబు లేదంటారు. ఆ మాట చెప్పి తప్పుకోవడం సులువు. నిజానికి ఒక గీత గీయవచ్చు. అన్నవాడు మళ్లీ జన్మలో కనబడని అపరిచితుడా, రేపు పొద్దున్న మళ్లీ ఎదురయ్యే మనిషా?

అపరిచితుడైతే, వాడికి బుద్ధి చెప్పడం వల్ల వచ్చే లాభం దాదాపు సున్నా. వాడు మారతాడా లేదా చూడటానికి కూడా బాధితుడు అక్కడ ఉండడు. నష్టం మాత్రం అంచనాకు అందదు: వాడు తాగి ఉన్నాడా, జేబులో ఏముంది, ఎంతమంది ఉన్నారు, ఏదీ తెలియదు. అందుకే వీధిలో, బస్సులో, రాత్రి రైల్వే స్టేషన్లో మొదటి పని దూరం పెంచుకోవడం. డ్రైవర్ పక్కకి మారడం, వెలుతురున్న షాపులోకి వెళ్లడం, ఫోన్ చెవికి పెట్టుకుని నిజంగానే ఎవరికైనా కాల్ చేయడం. దారికి అడ్డం నిలబడ్డా, వెంట పడ్డా, గుంపు చుట్టూ చేరుతున్నా అది తిట్ల దశ దాటిపోయింది. అప్పుడు జవాబుల గురించి ఆలోచించే టైము కాదు, అరిచి జనాన్ని పిలిచే టైము.

రోజూ కనబడే ముఖం విషయంలో లెక్క తిరగబడుతుంది. ఆఫీసులో పక్క సీటు, హాస్టల్ రూమ్మేటు, జిమ్‌లో అదే టైముకు వచ్చేవాడు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసేవాడు. అక్కడ మౌనం ఒక్కరోజుతో పోదు. మొదటి జోకుకు ఎవరూ ఏమీ అనకపోతే అది ఆ చోటికి రివాజు అయిపోతుంది, మూడు నెలల తర్వాత అడ్డు చెబితే "ఇన్నాళ్లూ లేంది ఇప్పుడేంటి?" అంటారు. ఇక్కడ ఎదిరించడం పని చేస్తుందనడానికి ఆధారం కూడా ఉంది. అలెగ్జాండర్ చాప్, మార్గో మాంటీత్, ఐమీ మార్క్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పక్షపాతంతో మాట్లాడిన మనిషికి అది తప్పని చెబితే వాడికి చెప్పినవాళ్ల మీద చిరాకు వచ్చింది. కానీ తర్వాత అలాంటి మాటలు తగ్గించాడు. చిరాకూ నిజమే, మార్పూ నిజమే. మంచివాడు అనిపించుకుంటూ ఎదిరించడం కుదరదని ముందే తెలిస్తే కొంత మేలు. వివక్ష జరిగిందని నోరు తెరిచినవాళ్లను, వివక్ష కళ్లకు కడుతున్నా సరే, జనం "అస్తమానం ఫిర్యాదులు చేసేవాళ్లు" కింద జమ కడతారని షెరిల్ కైజర్, కరోల్ మిల్లర్ అదే దశాబ్దంలో చూపించారు.

ఎలా చెప్పాలన్నది కూడా చిన్న విషయం కాదు. తెలుగులో కోపమొచ్చినప్పుడు ముందు నోట్లోంచి వచ్చేది "ఏమన్నావ్? మళ్లీ అను!" అనే మాట. ఇంతకంటే చెడ్డ జవాబు లేదు. అది జవాబే కాదు, వాడికి రెండో అవకాశం. మళ్లీ అంటే ఏం చేస్తామో మనకే తెలియదు, అనకపోతే వాడి పరువు పోతుంది కాబట్టి అంటాడు. ప్రశ్నలన్నీ ఇంతే. "నీకేంటి సమస్య?" అంటే సమస్య ఏంటో చెబుతాడు. ప్రశ్న లేని పొట్టి వాక్యం మేలు: "ఆ మాట నా దగ్గర అనకండి." "వినబడింది. బాలేదు." మనిషిని కాకుండా పనిని పట్టుకోవడం, ఒక్కసారి చెప్పి ఆపేయడం, వాదనలోకి దిగకపోవడం. ఇంకొకటి తెలుగువాళ్లకే తెలిసే కిటుకు: గొడవ ఎక్కడ ముదురుతుందో వినాలంటే సర్వనామాలు వినాలి. "మీరు" కాస్తా "నువ్వు" అయి, చివర "రా" చేరిన క్షణం నుంచి మాటలు చేతుల వైపు నడుస్తాయి. ఒళ్లు మండుతున్నప్పుడు "అండి" వాడటం లొంగిపోవడం కాదు, బ్రేకు మీద కాలు ఉంచడం.

చూస్తున్న మిగతావాళ్లు

ఇంతవరకూ చెప్పినదంతా బాధితుడి భుజాల మీదే పెట్టాం. ఈ చర్చలో అసలు లోపం అదే. బస్సులో నలభైమంది ఉంటే నిర్ణయం ఒక్కరే ఎందుకు తీసుకోవాలి?

1964 మార్చిలో న్యూయార్క్‌లో కిట్టీ జెనొవీస్ అనే యువతిని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని అక్కడి పెద్ద పత్రిక రాసింది. ఆ కథ ఎంత పెంచి రాసిందో దశాబ్దాల తర్వాత తేలింది. అన్నీ కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ, ఒక పొరుగామె కిందికి పరుగెత్తి చివరి క్షణాల్లో ఆమెను పట్టుకుని కూర్చుంది. జెనొవీస్ తన ప్రియురాలితో కలిసి ఆ ఇంట్లో ఉండేదన్న సంగతి కూడా అప్పటి వార్తల్లో రాలేదు. కానీ ఆ వార్త ఇద్దరు పరిశోధకులను కదిలించింది. జాన్ డార్లీ, బిబ్ లటానే 1968లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంటర్‌కామ్‌లో ఎవరికో ఫిట్స్ వస్తున్నట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ఆలోచన అందరికీ ఒకేసారి వస్తుంది.

యాభై ఏళ్ల తర్వాత బొమ్మ కొంచెం మారింది. రిచర్డ్ ఫిల్పాట్ బృందం ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, బ్రిటన్‌లోని లాంకాస్టర్‌లలో వీధి సీసీటీవీల్లో రికార్డయిన 219 గొడవలను చూసింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒకరైనా కల్పించుకున్నారు. జనం ఎక్కువ ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది. ఒక్కొక్కరూ జంకుతారు గానీ, గుంపులో జంకని ఒకరు దొరుకుతారు. ఒక జాగ్రత్త చెప్పుకోవాలి: అవి కళ్లకు కనబడే తోపులాటలు. మాటలతో జరిగే వేధింపు కెమెరాకే కాదు, రెండు సీట్ల అవతల కూర్చున్నవాళ్లకు కూడా సరిగా అందదు. ఎదిరించకుండా ఉన్నా, గొంతు పెంచి "దూరం జరగండి" అని ఒక్కసారి అనడం ఇందుకే పనికొస్తుంది. అది అన్నవాడికి చెప్పే మాట కాదు, బస్సుకు ఇచ్చే సమాచారం.

కల్పించుకోవడమంటే హీరోలా చొక్కా పట్టుకోవడం అనుకుంటారు. ఆ దారి ఎంత ప్రమాదమో 2017 మేలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కనబడింది. రైల్లో ఇద్దరు అమ్మాయిలను జాతి, మతం పేరిట తిడుతున్నవాణ్ణి అడ్డుకోబోయిన ముగ్గుర్ని వాడు పొడిచాడు, ఇద్దరు చనిపోయారు. వీధి వేధింపుల మీద 2005 నుంచి న్యూయార్క్‌లో పని చేస్తున్న, ఇప్పుడు రైట్ టు బీ అని పిలుస్తున్న సంస్థ నేర్పే పద్ధతుల్లో నేరుగా ఎదిరించడం ఒకటి మాత్రమే. దృష్టి మళ్లించడం, డ్రైవర్‌నో గార్డునో పిలవడం, రికార్డు చేయడం, అయిపోయాక వెళ్లి పలకరించడం మిగతావి. దృష్టి మళ్లించడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేస్తుందనిపిస్తుంది. వేధిస్తున్నవాడి వైపు చూడను కూడా చూడకుండా, బాధితుడి పక్క సీట్లో కూర్చుని "ఈ బస్సు స్టేషన్ దాకా వెళ్తుందాండీ?" అని అడిగితే చాలు. జవాబు అక్కర్లేదు. ఒంటరి మనిషి కాస్తా ఇద్దరయ్యారు, నాటకంలోకి పిలవని పాత్ర వచ్చి కూర్చుంది. వీడియో తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అందులో బాధితుడి ముఖం ఉంది. అడక్కుండా నెట్‌లో పెడితే, దాచుకున్న సంగతి ఆ సాయంత్రానికి వాళ్ల ఇంట్లో తెలిసిపోతుంది. వీడియో వాళ్లకిచ్చి వెళ్లిపోవడం మర్యాద.

ఫిర్యాదు చేయడం మూడో దారి అంటారు. చాలామంది ఆ దారి పట్టరు. పైన చెప్పిన బ్రిటన్ సర్వేలో తమకు ఎదురైన అన్నిటికంటే తీవ్రమైన ఘటనను కూడా పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఎక్కడా చెప్పలేదు. "ఇది రోజూ జరిగేదేగా" అన్నది తరచూ చెప్పిన కారణం. అక్కడ చట్టం వాళ్ల పక్షాన ఉంది, గే అన్న ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష పెంచే నిబంధన 2003లో చేసిన చట్టంలోనే వచ్చింది. ప్రపంచంలో 60కి పైగా దేశాల్లో స్వలింగ సంబంధమే ఇంకా నేరం. భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఆ ముద్ర తీసేసింది. కానీ ముద్ర తీసేయడం వేరు, స్టేషన్ మెట్లెక్కినవాణ్ణి కూర్చోబెట్టి ఫిర్యాదు రాసుకోవడం వేరు. ఫిర్యాదు చేసినా చేయకపోయినా తేదీ, టైము, బస్సు నంబరు, అన్న మాట అన్నట్టుగానే ఫోన్లో రాసి పెట్టుకోవడం మాత్రం వదలకూడదు. మనసు ఆ మాటల్ని రెండు రోజుల్లోనే మెత్తబరిచేస్తుంది, లేదా ఇంకా పదును పెడుతుంది.

మళ్లీ గుంపు దగ్గరికి వద్దాం. ఎవరి మాట ఎక్కువగా చెల్లుతుందన్నది కూడా పరీక్షించారు. ఆ తిట్టు తగలని మనిషి తప్పని చెబితే, తగిలిన మనిషి చెప్పినదానికంటే ఎక్కువ తప్పు చేసిన భావన కలుగుతుందని చాప్, మాంటీత్ 2003లోనే గమనించారు. తగిలినవాళ్లు చెబితే "అతిగా స్పందిస్తున్నారు" అని కొట్టిపారేయడం తేలిక. దీన్నీ, ఫ్రాంక్లిన్ చెప్పిన స్నేహితుల సంగతినీ పక్కపక్కన పెడితే ఒక మనిషి కనబడతాడు. వేధించినవాడు కాదు, బాధితుడు కాదు, డ్రైవర్ కాదు. గుంపులో నాలుగోవాడు. నవ్వాడు గానీ పూర్తిగా నవ్వలేదు, చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. వాడు మంచివాడై ఉండాల్సిన పని లేదు, ప్రసంగం చేయాల్సిన పని అంతకంటే లేదు. మొదటి నాణెం ఇంకా గాల్లోకి లేవకముందు, స్నేహితుడి భుజం మీద చెయ్యేసి "వదిలెయ్ రా, దిగుదాం పద" అంటే సరిపోతుంది. ఎవడి పరువూ పోకుండా అందరూ దిగిపోయే వీలున్న మాట అదొక్కటే. ఆ మాట అనగలిగేది కూడా వాడొక్కడే.